శరణార్థులకు ఫోన్‌లో ఆరోగ్య సమాచారం: ముందు జవాబు చెప్పే మనిషిని పెట్టుకోండి

మీరు అడిగింది ఇదీ: శరణార్థుల మధ్య పనిచేసే ఒక చిన్న ఆరోగ్య బృందంలో కొత్తగా చేరారు. తప్పుడు వైద్యం మాటలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. వాట్సాప్ గ్రూప్ పెట్టి రోజుకో సరైన సందేశం పంపితే చాలా, ఎస్సెమ్మెస్ మేలా, ప్రశ్నలకు దానంతటదే జవాబిచ్చే చాట్‌బాట్ చేయించాలా? పన్నెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. శిబిరాల్లోనూ చేశాను, ఊళ్లలో అద్దె గదుల్లో చెల్లాచెదురుగా ఉండే కుటుంబాల మధ్యా చేశాను. నాకు తెలిసింది కాస్త వివరంగానే రాస్తాను.

ముందు ఒక్క మాట. అవతలివాళ్లు తిరిగి అడిగితే జవాబు చెప్పే మనిషి మీ దగ్గర లేకపోతే, సందేశాలు పంపడం ఇంకా మొదలుపెట్టకండి.

ఎందుకంటున్నానో చెబుతాను. మేం మొదట్లో ఒక నంబరు తీసుకుని గర్భిణులకు వారం వారం ఆడియో పంపేవాళ్లం. ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే రావాలో అందులో స్పష్టంగా చెప్పాం: రక్తస్రావం, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, కడుపులో బిడ్డ కదలిక తగ్గడం. ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి ఫోన్ తీస్తే, రాత్రి ఒకటీ నలభైకి వచ్చిన వాయిస్ మెసేజ్ ఉంది. మగగొంతు. "మీరు చెప్పినట్టే రక్తం పోతోంది, ఇప్పుడేం చేయమంటారు?" ఇరవై నిమిషాల తర్వాత అదే మాట మళ్లీ. ఆ తర్వాత ఏమీ లేదు. పక్కింటివాళ్ల మోటార్‌సైకిల్ మీద ఆమెను తీసుకొచ్చారని, రక్తం ఎక్కించారని, తల్లీబిడ్డా బతికారని మధ్యాహ్నానికి గానీ మాకు తెలియలేదు. మేం పంపిన సమాచారంలో ఒక్క తప్పూ లేదు. కానీ ఇన్ని వారాలుగా ఆ నంబరు నుంచి మాట్లాడుతున్నది మేమే కాబట్టి, ఆయన లెక్కలో ఆ నంబరు వెనక ఎవరో మేలుకొనే ఉంటారు. ఆ నమ్మకం పెంచింది మేమే.

ఆ రోజే ఆటోమేటిక్ జవాబు పెట్టాం, అదీ గొంతుతోనే: "ఈ నంబరుకు రాత్రిపూట జవాబు ఉండదు. రక్తస్రావం, ఫిట్స్, ఊపిరాడకపోవడం ఉంటే ఎదురుచూడకండి, ఇప్పుడే ప్రసూతి కేంద్రానికి వెళ్లండి." రికార్డు చేయడానికి పది నిమిషాలు పట్టింది. దాన్ని నిజం చేయడానికి మూడు వారాలు పట్టింది. రాత్రి గేటు దగ్గర కాపలావాళ్లు గర్భిణిని ఆపకూడదు, ప్రసూతి కేంద్రంలో నర్సు ఉండాలి, అక్కడినుంచి పెద్దాసుపత్రికి బండి ఉండాలి. నేనిచ్చే మొదటి సలహా అదే. "ఫలానా చోటికి వెళ్లండి" అని పంపే ముందు, ఆ ఫలానా చోటికి మీరే ఒకసారి రాత్రిపూట నడిచి వెళ్లి చూడండి.

ఇక ఫోన్ ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్న. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం, శరణార్థుల్లో 93 శాతం మంది కనీసం 2జీ సిగ్నల్ ఉన్న చోట్లే ఉంటున్నారు. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది: 29 శాతం కుటుంబాల్లో అసలు ఫోనే లేదు. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి గానీ, సిగ్నల్ ఉండటం వేరు, ఫోన్ ఉండటం వేరు, ఆ ఫోన్ తల్లి చేతికి రావడం వేరు. చాలా ఇళ్లలో ఒకటే ఫోన్, అది భర్త దగ్గరో పెద్దకొడుకు దగ్గరో ఉంటుంది. పగలు పనికి వెళ్తే ఫోనూ వెళ్తుంది. కాబట్టి ఇంటింటికీ తిరిగి అడగండి: ఫోన్ ఎవరిది, ఏ వేళకి ఇంట్లో ఉంటుంది, చదవగలిగేది ఎవరు, ఛార్జింగ్ ఎక్కడ, డేటా ఎప్పుడు వేయించుకుంటారు. మా దగ్గర ఈ ప్రశ్నల తర్వాత సందేశం పంపే వేళ పొద్దున పది నుంచి రాత్రి ఏడున్నరకు మారింది. ఆడవాళ్ల నుంచి ప్రశ్నలు రావడం అప్పుడు మొదలైంది.

సిమ్ సంగతి కూడా అక్కడే తేలుతుంది. చాలా దేశాల్లో గుర్తింపు పత్రం లేనిదే సిమ్ ఇవ్వరు. అందుకని స్థానికుల పేరు మీద తీసుకుంటారు, కొన్నాళ్లకు వదిలేస్తారు, ఆ నంబరు ఇంకొకరికి పోతుంది. మీ దగ్గరున్న నంబరు ఆర్నెల్ల కిందటిదైతే అది ఇంకా అదే మనిషిది అనుకోకండి. క్షయ మందుల గురించో, హెచ్ఐవీ గురించో పేరు పెట్టి పంపిన సందేశం ముక్కూమొహం తెలియనివాళ్లకు చేరితే ఆ మనిషి బతుకే తలకిందులవుతుంది. అలాంటి వాటికి మేం వాడిన వాక్యం ఒక్కటే: "మంగళవారం మీకు మాతో పని ఉంది, రండి." జబ్బు పేరు లేదు, మందు పేరు లేదు, క్లినిక్ పేరూ లేదు. ఫోన్ తెర మీద ఎవరి కంటపడినా ఫర్వాలేదు.

భాష దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. 2017 ఆగస్టు తర్వాత 7 లక్షలకు పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ ప్రాంతానికి చేరారు. వాళ్ల భాష ప్రధానంగా నోటి భాష. 1980ల్లో తయారైన హనీఫీ లిపి ఒకటి ఉంది, ఫోన్లూ కంప్యూటర్లూ అక్షరాలు చూపించడానికి వాడే ఉమ్మడి పద్ధతి యూనికోడ్‌లోకీ 2018లో వచ్చింది, కానీ చదవగలిగేవాళ్లు తక్కువ. అక్కడి స్థానికులు మాట్లాడే చిట్టగాంగ్ ప్రాంతపు భాష దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి స్థానిక వాలంటీర్లతో పని సాగింది. అయితే దగ్గరగా ఉన్న భాషతో వచ్చే చిక్కు ఏంటంటే, అర్థమైందని ఇద్దరూ తల ఊపుతారు. ఆరోగ్యం విషయంలో, ముఖ్యంగా నెలసరి, కాన్పు, విరేచనాల లాంటి నలుగురిలో చెప్పుకోని సంగతుల్లో, ఒక్కో సమాజం ఒక్కో చాటు మాట వాడుతుంది. ఆ చాటు మాట మీకు తెలియకపోతే వాళ్లు చెప్పింది మీకు వినపడదు, మీరు చెప్పింది వాళ్లకు మొరటుగా తోస్తుంది.

రాసి పంపేటట్టయితే అక్షరాల లెక్క చూసుకోండి. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు పడతాయి. అరబిక్, బర్మీస్, అమ్హారిక్, తెలుగు లాంటి లిపుల్లో 70 మాత్రమే. పైగా తెలుగు, బర్మీస్ లాంటి వాటిలో గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. "ఆసుపత్రి" మనకు నాలుగక్షరాలు, ఫోన్‌కు ఎనిమిది. కాబట్టి ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌లో ఇమిడింది అనువాదమయ్యాక రెండో మూడో ముక్కలవుతుంది, ఖర్చూ అన్ని రెట్లవుతుంది, పాత ఫోన్లలో ముక్కలు ముందువెనకలుగా వస్తాయి. బర్మీస్‌కు ఇంకో చిక్కు. మయన్మార్‌లో చాలాకాలం జాగ్యీ అనే ఫాంట్ పద్ధతి నడిచింది, 2019 అక్టోబరులో అధికారికంగా యూనికోడ్‌కు మారారు. పాత ఫోన్ వాడేవాళ్లకు యూనికోడ్ సందేశం గజిబిజి గీతల్లా కనిపిస్తుంది. మీ ఆఫీసు ఫోన్‌లో చక్కగా కనిపించింది కదా అని పంపేయకండి. ఎవరికి పంపుతున్నారో వాళ్ల ఫోన్‌లో తెరిచి చూడండి.

నా అనుభవంలో చదువు తక్కువ ఉన్న చోట గొంతుకు మించింది లేదు. ఒక నిమిషం దాటని ఆడియో, ఒక్క విషయం, ఆ సమాజంలోని ఆడమనిషి గొంతు. ఇంటర్నెట్ లేని మామూలు ఫోన్లకు మిస్డ్ కాల్ పద్ధతి పెట్టండి. వాళ్లు మిస్డ్ కాల్ ఇస్తారు, మన వైపు నుంచి ఫోన్ వెళ్లి అదే ఆడియో వినిపిస్తుంది, వాళ్ల బ్యాలెన్స్ ఒక్క పైసా కదలదు. ఇంతకంటే మర్యాదైన ఏర్పాటు నేను చూడలేదు.

సమాచారం సరైనదైతే చాలదని నాకు నేర్పింది ఓఆర్ఎస్ ఆడియో. విరేచనాలు ఎక్కువగా ఉన్న వానాకాలం. సందేశం చాలా సులువనుకున్నాం: ప్యాకెట్ దొరక్కపోతే ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, తలకొట్టిన అర టీస్పూను ఉప్పు కలపాలి. ఇది ఎప్పటినుంచో అందరూ ఒప్పుకున్న కొలత. డాక్టరు చూశారు, అనువాదం రెండుసార్లు సరిచూశారు. పంపేముందు ఎనిమిది మంది తల్లుల్ని కూర్చోబెట్టి వినిపించాం. "అర్థమైందా?" అంటే అందరూ అర్థమైందన్నారు. అప్పుడు మాతో ఉన్న ముసలి నర్సు, "అయితే చేసి చూపించండమ్మా" అంది.

ఒకావిడ కూర వడ్డించే గరిటె తీసింది. ఆ ఇంట్లో చెంచా అంటే అదే. ఇంకొకావిడ ఆరు, అర అన్నవి తారుమారు చేసింది. ఆరు ఉప్పు, అర చక్కెర! ఆ నీళ్లు పసిబిడ్డకు పడితే ప్రాణం మీదికి వస్తుంది. లీటరు ఎంతో ముగ్గురికి తెలియదు, ఇంట్లో ఉన్న చెంబునే లీటరు అనుకున్నారు. మేం ఆ ఆడియో పక్కన పెట్టేశాం. కొత్తది ఇలా చేశాం: మొదటి మాటే "ప్యాకెట్ వాడండి, ఫలానా మూడు చోట్ల ఉచితంగా ఇస్తారు". నీళ్ల కొలతకు సీసా చూపిస్తూ చిన్న వీడియో. ప్యాకెట్లు లీటరువీ ఉంటాయి, 200 మిల్లీలీటర్లవీ ఉంటాయి కాబట్టి అక్కడ పంచుతున్న ప్యాకెట్ ఏదో అదే చేతిలో పట్టుకుని చూపించాం. చివర్లో బిడ్డకు పాలివ్వడం ఆపొద్దని చెప్పాం. ఉప్పు చక్కెర కొలత మాత్రం ఆడియోలోంచి పూర్తిగా తీసేసి, ఇంటింటికీ తిరిగే వాలంటీర్లకు అప్పగించాం. చేతితో చేయించాల్సినదాన్ని ఫోన్‌లో చెప్పి ఊరుకోకూడదని అప్పుడే అర్థమైంది. బొమ్మలు పంపినా ఇదే పరీక్ష పెట్టండి. అరబిక్ చదివేవాళ్లకు మూడు బొమ్మలు వరసగా పెడితే కుడినుంచి ఎడమకు చూస్తారు. జబ్బుపడ్డ బిడ్డ, మందు, ఆడుకుంటున్న బిడ్డ అని మీరు పెట్టిన వరస, ఆడుకుంటున్న బిడ్డ మందు తాగి మంచాన పడ్డట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, వాట్సాప్ గ్రూప్. వద్దు. గ్రూపులో చేరినవాళ్లందరికీ అందరి నంబర్లూ కనిపిస్తాయి. ఒక ఆడపిల్ల నంబరు వందల మంది మగవాళ్లకు కనిపించడం, పారిపోయి వచ్చిన మనిషి నంబరు తనను వెతుకుతున్నవాళ్ల కంట పడటం, ఇవి ఊహించి చెబుతున్నవి కావు. ఒకే సందేశం అందరికీ విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో నంబర్లు దాగుంటాయి, కానీ మీ నంబరును సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది, లిస్టుకు 256 మందే. మనం పంపింది చేరినవాళ్లు చూసే ఛానల్‌లోనూ వాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. పంపడానికి ఛానల్, అడగడానికి విడిగా ఒక నంబరు, ఈ రెండూ చాలు మీకు. ఇంకో సంగతి, అక్కడ జనం ఇప్పటికే ఏది వాడుతున్నారో అందులోనే ఉండండి. కొందరు వైబర్, కొందరు టెలిగ్రామ్, కొందరు ఇమో. మనకోసం వాళ్లు కొత్త యాప్ దించుకోరు, దించుకోవాలని అడగనూ కూడదు.

సందేశంలోని మాటలు ఎన్‌క్రిప్ట్ అయినా, అంటే మూడోవాళ్లు చదవలేని రూపంలో వెళ్లినా, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న జాడ మిగులుతుంది. 2018లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ, గోప్యత హక్కు కోసం పనిచేసే ప్రైవసీ ఇంటర్నేషనల్ సంస్థ కలిసి తెచ్చిన నివేదిక మొత్తం ఈ జాడ గురించే. 2022 జనవరిలో అదే రెడ్‌క్రాస్ కమిటీ సర్వర్ల మీద దాడి జరిగి 5,15,000 మందికి పైగా మనుషుల వివరాలు పరుల చేతికి చిక్కాయి. అంత పెద్ద సంస్థకే ఆ గతి పట్టిందంటే మన ఎక్సెల్ ఫైళ్ల సంగతి చెప్పక్కర్లేదు. నంబరు, భాష, ప్రాంతం, అంతే రాసుకోండి. పేరు అడగొద్దు, రిజిస్ట్రేషన్ నంబరు అసలే అడగొద్దు. ఆరోగ్యం నంబరుకు చెప్పింది పోలీసులకో, శరణు దరఖాస్తు చూసేవాళ్లకో చేరుతుందన్న అనుమానం ఒక్కసారి పుట్టిందంటే, మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

పుకార్ల గురించి. తప్పుడు సందేశాన్ని ఎర్రగీత కొట్టి "ఇది అబద్ధం" అని తిరిగి పంపడం చాలామంది చేసే పని. దాంతో ఆ అబద్ధం చూడనివాళ్లు కూడా చూస్తారు. వాట్సాప్ 2019లో ఫార్వర్డ్‌ను ప్రపంచమంతటా ఐదు చాట్లకు పరిమితం చేసింది, 2020 ఏప్రిల్‌లో చాలాసార్లు తిరిగిన సందేశాన్ని ఒక్క చాట్‌కే పంపేలా చేసింది. వేగం తగ్గి ఉండొచ్చు, కానీ పుకారు పుట్టే కారణం అక్కడే ఉంది. కోవిడ్ రోజుల్లో శిబిరాల్లో బలంగా తిరిగిన మాట, పరీక్షలో తేలితే తీసుకుపోయి కుటుంబానికి దూరం చేస్తారని. అది వైరస్ గురించిన అజ్ఞానం అనుకుంటే పొరపాటు. ఇల్లూ వాకిలీ వదిలి, కళ్లముందే అయినవాళ్లను పోగొట్టుకుని వచ్చినవాళ్ల భయం అది, దానికో చరిత్ర ఉంది. అలాంటిదానికి వైరస్ ఎలా పాకుతుందో చెప్పే సందేశం జవాబు కాదు. ఐసొలేషన్ గదిలో ఎవరు తోడుండొచ్చు, ఎన్ని రోజులు ఉంచుతారు, ఇంటికి రోజూ ఫోన్ చేసుకోనిస్తారా, ఇవి చెప్పాలి. ఉండి తిరిగొచ్చిన మనిషి తన గొంతుతో, తన ఇష్టంతో చెబితే ఇంకా మంచిది.

అందుకే వచ్చిన ప్రతి ప్రశ్ననూ వారం చివర కూర్చుని చదవండి. పది మంది ఒకే మాట అడిగితే వచ్చేవారం మీ సందేశం అదే. ఏం పంపాలో ఆఫీసులో క్యాలెండర్ వేసుకోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. ఈ పద్ధతికి మంచి ఉదాహరణ 2015లో గ్రీస్ దారిన శరణార్థులు వస్తున్నప్పుడు మొదలైన రెఫ్యూజీ ఇన్ఫో. అంతర్జాతీయ రెస్క్యూ కమిటీ, మెర్సీ కోర్ అనే సహాయ సంస్థలు మొదలుపెట్టిన ఆ సేవలో, ఫేస్‌బుక్‌లో వచ్చిన ప్రశ్నలకు వాళ్ల భాషలోనే మనుషులు జవాబులిచ్చేవారు. తర్వాత అది సైన్‌పోస్ట్ పేరుతో ఇతర దేశాలకూ పాకింది.

చాట్‌బాట్ అడిగారు. 2020 మార్చి 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ వాట్సాప్‌లో పెట్టిన హెల్త్ అలర్ట్ అనే కోవిడ్ చాట్‌బాట్ లాంటిది కోట్లమందికి ఒకే రకం ప్రశ్నలున్నప్పుడు పనికొస్తుంది. మీది చిన్న బృందం. క్లినిక్ వేళలు, టీకా రోజులు, చోటు, ఇంతవరకు అంకెలు నొక్కే మెనూ చాలు. "1 నొక్కండి, 2 నొక్కండి" కూడా గొంతుతో చెప్పించండి. కృత్రిమ మేధతో దానంతటదే వైద్య సలహా చెప్పే బాట్‌ను మాత్రం, వాళ్ల భాషలో ఒక నర్సు ప్రతి జవాబూ చూసే ఏర్పాటు లేకుండా, తెరవకండి.

ఫోన్ మీదే అంతా నిలబెట్టొద్దు. బంగ్లాదేశ్‌లో 2019 సెప్టెంబరు నుంచి రోహింగ్యా శిబిరాల్లో 3జీ, 4జీ ఆపేశారు, 2020 ఆగస్టులో గానీ తిరిగి ఇవ్వలేదు. శిబిరంలో మొదటి కోవిడ్ కేసు 2020 మే నెలలో బయటపడింది. అంటే అత్యవసరమైన ఆ నెలల్లో వాట్సాప్ ఉన్నా లేనట్టే. మైకులు, మసీదుల్లో పెద్దలు, ఇల్లిల్లూ తిరిగిన వాలంటీర్లు, వీళ్లే మాట మోశారు. మీ ప్రతి ఆడియోనూ మెమరీ కార్డుల్లో వేసి వాలంటీర్ల దగ్గర ఉంచండి. నెట్ పోయిన రోజు ఆ కార్డే మీ ఛానల్.

ప్రతి సందేశానికీ పుట్టిన తేదీ, చచ్చిన తేదీ ఉండాలి. మేం ఒకసారి "వచ్చే గురువారం తట్టు టీకా" అని ఆడియో పంపాం, తేదీ చెప్పలేదు. ఏడు నెలల తర్వాత ఎవరో దాన్ని మళ్లీ ఫార్వర్డ్ చేశారు. గురువారం పొద్దున తల్లులు పిల్లల్ని చంకనేసుకుని మూసిన గది ముందు ఎండలో నిలబడ్డారు. ఒకామె నాతో అన్నమాట: "మీ గొంతు గుర్తుపట్టే వచ్చాం." అప్పటినుంచి ప్రతి ఆడియో మొదటి వాక్యంలోనే తేదీ, నెల, సంవత్సరం, చోటు పలికిస్తున్నాం. తప్పు పంపితే అదే రోజు, అదే గొంతుతో, "నిన్న చెప్పింది తప్పు, సరైనది ఇదీ" అని పంపుతాం. సవరణ పంపితే పరువు పోతుందని పైవాళ్లు అంటారు. ఒప్పుకోకండి.

నీలం టిక్కులు లెక్కబెట్టి రిపోర్టు రాయమని కూడా అడుగుతారు. టిక్కు పడిందంటే సందేశం తెరిచారని మాత్రమే తెలుస్తుంది. క్లినిక్‌లో వచ్చినవాళ్లను "ఎవరు చెబితే వచ్చారు?" అని అడిగే ఒక గడి పుస్తకంలో పెట్టించండి, ఇద్దరు ముగ్గుర్ని సందేశంలో ఏం చెప్పారో తిరిగి చెప్పమనండి. ఎక్కువ పాఠం అక్కడే దొరుకుతుంది. డబ్బు ఎక్కడ పెట్టాలంటే, సాఫ్ట్‌వేర్ మీద తక్కువ, జవాబులిచ్చేవాళ్ల జీతాల మీద ఎక్కువ. వాళ్లలో సగం మందైనా ఆ సమాజంవాళ్లే కావాలి, రోజంతా బాధలు విని వాళ్లూ నలిగిపోతారు కాబట్టి వారానికోసారి వాళ్ల గోడు వినే మనిషినీ పెట్టాలి. హింస గురించో, చావాలనిపిస్తోందనో ఎవరైనా చెబితే ఎవరికి అప్పగించాలో మొదటి రోజే కాగితం మీద రాసి వాళ్ల బల్ల దగ్గర అంటించండి.

ఆఖరిది, నంబరు మూసేసే రోజు. నిధులు ఏదో ఒకనాడు ఆగుతాయి, సిబ్బంది మారతారు, జనం మాత్రం ఆ నంబరుకే ఫోన్ చేస్తూ ఉంటారు. కనీసం రెండు నెలల ముందునుంచి వారం వారం చెప్పండి: ఫలానా తేదీ తర్వాత ఇక్కడ ఎవరూ ఉండరు, ఇకనుంచి ఈ నంబరుకు చేయండి. ఆ కొత్త నంబరువాళ్లు ఒప్పుకున్నారని ముందే రాతపూర్వకంగా తీసుకోండి. పాత సిమ్‌ను ఇంకో ఏడాది రీచార్జి చేస్తూ ఆటోమేటిక్ జవాబు నడవనివ్వండి, లేకపోతే ఆ నంబరు వేరేవాళ్లకు పోయి, అర్ధరాత్రి ఎవరో తల్లి చేసిన ఫోన్ ముక్కూమొహం తెలియని మనిషి ఎత్తుతాడు. మిగిలిన నంబర్ల జాబితాను ఇద్దరు చూస్తుండగా చెరిపేసి, చెరిపేశామని జనానికీ చెప్పండి.